ఇద్దరి జమానత్

డోర్నకల్,
జనవరి 12

ప్రియమైన ఆసిమా చెల్లెకు,

ఓం అన్న ఆశీస్సులు. ఫోన్ చేద్దామంటే నా ఎడమ చెవి సంగతి నీకు తెలిసిందే, కుడిది కూడా ఇప్పుడు దాని దారే పట్టింది. ఇన్నేళ్లు రైళ్ల పక్కన సిగ్నళ్లు బాగుచేసుకుంటూ బతికినందుకు రైల్వే ఇచ్చిన బహుమానం. నువ్వు అటు నుంచి అరవడం, నేను ఇటు నుంచి "ఆఁ? ఆఁ?" అనడం, చివరికి ఇద్దరం కోపంతో పెట్టేయడం. దానికన్నా ఇట్లా మెయిల్‌లో ఉత్తరం రాసుకోవడమే మనకు కుదిరింది.

ఆదివారం మన మీటింగ్‌కు ఎవరూ రాలేదు. ఎవరూ అంటే ఒక్కరూ. నువ్వు మీ అత్తను దవాఖానకు తీసుకెళ్లావని తెలుసు, నిన్ను అనడం లేదు. స్క్రీన్ మీద నా ముఖం ఒక్కటే ఉంది. శోభారాణి చాయ్ తెచ్చి పెట్టి, "ఎవలతోని ముచ్చటయ్యా? నీ మొకం నువ్వే చూస్కుంట కూసున్నవ్" అని నవ్వి పోయింది. నాకు నవ్వు రాలేదు.

భానుచందర్ కూడా మానేశాడు. కొత్త కంపెనీలో శనివారాలు కూడా పనేనట, పైగా పెళ్లి కుదిరింది. "అన్నా, మనసుల ఉంటది గని చేతుల టైం ఉంటలేదు" అన్నాడు. పాపం, వాడిని ఏమనాలి? మన దగ్గరేమన్నా జీతం తీసుకున్నాడా? పాత కంప్యూటర్లను పారేయనీయకుండా, వాటిని తెలుగులో నడిపించే అసలు ప్రోగ్రామును మనమే రాసి ఊరికే ఇద్దామని కూర్చున్న రోజు గది నిండా మనుషులం. దారి చూపించేది కాబట్టి 'తొవ్వ' అని నువ్వు పేరు పెడితే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఇప్పుడు నువ్వూ నేనూ మిగిలాం.

ఇక వాడేవాళ్ల దగ్గర నుంచి వచ్చేవి తిట్లు. "ప్రింటర్ పనిచేస్తలేదు, నిద్రపోతున్నరా?" అని ఒకాయన రోజూ రాస్తాడు. బాగా నడుస్తున్నదని ఎవరూ రాయరు. బాగా నడిచేటప్పుడు మనం ఉన్నామనే గుర్తుండదు కదా.

ఉన్నమాట చెప్తున్నా చెల్లె, ఉగాదికి మూసేద్దామనిపిస్తున్నది. మర్యాదగా ఒక ప్రకటన రాసి, దండం పెట్టి పక్కకు జరుగుదాం. నాకు విసుగొచ్చింది. విసుగు కూడా కాదు, ఒంటరితనం. నువ్వేమంటావో రాయి.

నీ
ఓం అన్న


మట్టెవాడ,
జనవరి 15

ప్రియమైన ఓం అన్నకు,

సలాం. నీ ఉత్తరం చదివి మతీన్ మీద అరిచాను. నీ మీద అరుద్దామంటే నువ్వు డోర్నకల్‌లో ఉన్నావు. పాపం మా ఆయన, "నేనేం చేసిన?" అని చూస్తూ ఉండిపోయాడు.

మూసేద్దాం అని ఎంత సులువుగా రాశావు! సమ్మమ్మకు ఏం చెప్తావు? ట్రస్టు వాళ్ల పల్లె దవాఖానలన్నింటిలో మన తొవ్వే నడుస్తున్నది కదా, అందులో మొదట మనల్ని నమ్మింది ఆ నర్సమ్మే. కాగితాల రిజిస్టర్లన్నీ మన మిషన్‌లోకి ఎక్కించిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఎవరికి టీబీ, ఎవరికి పెళ్లికి ముందే కడుపు పోయింది, ఎవరికి మొగుడి నుంచి ఏ రోగం అంటింది, అన్నీ అందులో ఉన్నాయి. ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అమ్మా, నా బీరువల ఉంటె నా తాళం మీద నాకు ధైర్నం. ఇప్పుడు నీ డబ్బాల పెడ్తాన. ఇవి బయటపడ్డయనుకో, ఊళ్ల ఆడోళ్లు ఒక్కలు గూడ మల్ల నా గడప తొక్కరు. ఇద్దరు ముగ్గురైతె పానం తీసుకుంటరు." నేను ఆమె చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను అన్నా. మనం రిపేర్లు ఆపేసిన రోజు నుంచి ఆ మిషన్లకు కన్నాలు పడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చేవాళ్లు ఉండరు. మాట ఇచ్చింది నేను, కాబట్టి మూసేది లేదు.

మనుషులు రారు అంటావు. మతీన్ చాయ్ హోటల్ పెట్టినప్పుడు ఏమయిందో చెప్పానా నీకు? మొదటి వారం ఈగలు తప్ప ఎవరూ రాలేదు. మా అత్త షహనాజ్ బేగం ఊరుకుందా? చుట్టాలందరినీ పిలిపించి, కుర్చీకొకరిని కూర్చోబెట్టి, "ఊకె కూసోకుండ్రి, గట్టిగ నవ్వుకుంట తాగుండ్రి" అని హుకుం వేసింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఇదేదో బాగా నడిచే హోటల్ అనుకున్నారు. నెల తిరిగేసరికి చుట్టాలకు కూర్చోవడానికి జాగా లేదు. ఖాళీ హోటల్‌లోకి ఎవరూ అడుగుపెట్టరు అన్నా, మన గోడు కూడా అంతే.

కాబట్టి ఫికర్ చేయకు. వదినను అడిగానని చెప్పు. నీ కిడ్నీలో రాయి సంగతి ఏమయింది? నీళ్లు తాగుతున్నావా, చాయ్ మీదే బతుకుతున్నావా?

నిన్ను వదిలిపెట్టని
ఆసిమా


డోర్నకల్,
మార్చి 3

ప్రియమైన ఆసిమా,

గిరాకీ వచ్చిందమ్మా మన దుకాణానికి! నువ్వు కూడా గ్రూప్‌లో చూస్తూనే ఉన్నావు, అయినా రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు తేజస్వి వచ్చింది. కరీంనగర్ దిక్కు పిల్లట, చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నదట. ప్రింటర్ గొడవంతా ఆ పిల్లే సరిచేసింది. ఆడపిల్లలతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు, నువ్వే జర దగ్గరుండి చూసుకో. తర్వాత వారానికే శేఖర్. హనుమకొండలో ఉంటాడట. కీబోర్డులో ఒత్తులు తప్పు పడుతున్నాయని మూడేళ్ల నుంచి మనం ఏడుస్తున్నాం కదా, వచ్చీరాగానే దాని మీద పడ్డాడు. నెమ్మదిగా, ఓపికగా, ఎందుకు మార్చాడో కారణం రాసి మరీ పంపుతాడు. ఇట్లాంటి పిల్లవాడి కోసమే నేను కాచుకొని ఉన్నది. ఈమధ్య పొద్దున లేవగానే శేఖర్ ఏం పంపాడా అని చూసి, తర్వాతే పళ్లు తోముకుంటున్నాను. శోభారాణి ముక్కు మూసుకుంటున్నది.

నేను కూడా మళ్లీ కూర్చుంటున్నాను. సిగ్గుపడాలి కదా, పిల్లలు పనిచేస్తుంటే పెద్దమనిషి వాలుకుర్చీలో పడుకుంటాడా? మూసేస్తానన్న మాట వాపసు తీసుకుంటున్నా.

మొన్న మూడో ఆయన కూడా వచ్చాడు, పేరు మహిపాల్. ఎక్కడివాడో చెప్పలేదు. "మీ దగ్గర కొత్త సభ్యుల ఉత్సాహం చూసి, నేనూ చేయి వేద్దామని వచ్చాను" అని రాశాడు. మీ అత్త షహనాజ్ బేగం మహాతల్లి, నా దండాలు చెప్పు.

ఉల్లాసంగా ఉన్న
నీ ఓం అన్న


మట్టెవాడ,
ఏప్రిల్ 20

ప్రియమైన ఓం అన్నకు,

నీ రాతలో మళ్లీ నవ్వు వినిపిస్తున్నది. అది చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తేజస్వి అయితే నాకు సొంత చెల్లెలు అయిపోయింది. మడికొండలో మా ఆఫీసులో సగం మందిని పంపించేశారు, ఎప్పుడు నా వంతు వస్తుందో తెలియదు. ఆ భయం మతీన్‌కు కూడా చెప్పలేక ఆ పిల్లకు రాసుకున్నాను. ఎంత పెద్దమనిషిలా జవాబు ఇచ్చిందో! ఆ పిల్ల పనిచేస్తుంటే నేను ఊరికే కూర్చోలేకపోతున్నాను.

కానీ మహిపాల్ సంగతి నాకు మింగుడు పడడం లేదు. పని బాగా చేస్తాడు, అదే నా భయం. ముగ్గురు చేసే పని ఒక్కడే చేస్తాడు. అలసట లేదు, కోపం లేదు, ఇల్లూ వాకిలీ ఉన్నట్టు లేదు. మనమందరం పండుగకో పెళ్లికో ఆగిపోతాం కదా. ఆయన రంజాన్‌కు ఆగడు, శ్రీరామనవమికి ఆగడు.

పైగా ఇప్పుడు సంతకం కీ అడుగుతున్నాడు. ఆ కీతో సంతకం పెట్టిన అప్‌డేట్ ఏదైనా సరే, తొవ్వ నడిచే ప్రతి మిషన్ ప్రశ్న అడగకుండా లోపలికి రానిస్తుంది. సమ్మమ్మ మిషన్ కూడా. అది ఇంతవరకు నీ దగ్గర, నా దగ్గర తప్ప ఎక్కడా లేదు, ఒకసారి చెయ్యి దాటితే వాపసు తీసుకునే దారీ లేదు. గ్రూప్‌లోకి కొత్త పేర్లు నాలుగు వచ్చి, "ప్రాజెక్టు ఇద్దరు ముసలోళ్ల చేతుల్లో ఇరుక్కుపోయింది, పనిచేసేవాళ్లకు కీ ఇవ్వండి" అని గోల చేస్తున్నాయి. నన్ను ముసలిదాన్ని చేశారు చూడు! వాళ్లెవరూ ఒక్క లైను కూడా రాసినవాళ్లు కారు.

నువ్వు మెత్తబడతావని నాకు తెలుసు. అందుకే జమానత్ నియమం, అదే మన పూచీ నియమం, గుర్తుచేస్తున్నా. మన చుట్టాలకో దోస్తులకో మనమే కీ ఇచ్చేసుకుంటామేమోనని, మనిద్దరి మాట ఇందులో చెల్లదని మనమే రాసుకున్నాం. పనిచేసే సభ్యులు ఇద్దరు ముందుకొచ్చి "ఈ మనిషిని నేను ఎరుగుదును, నా జమానత్" అని అందరి ముందూ రాయాలి. ఇప్పుడు పనిచేసే సభ్యులంటే తేజస్వి, శేఖర్. వాళ్లిద్దరూ రాస్తే కానీ కీ లేదు.

ఎండలు ముదిరాయి, జాగ్రత్త.

నీ చెల్లె
ఆసిమా


డోర్నకల్,
జూన్ 8

ప్రియమైన ఆసిమా చెల్లెకు,

రాయి దాని ప్రతాపం చూపించింది. మొన్న డ్యూటీలోనే కుప్పకూలాను. ఖమ్మం దవాఖానలో ఆపరేషన్ చేసి తీసేస్తామన్నారు. శోభారాణి దేవుళ్లందరికీ మొక్కుతూ, మధ్యమధ్యలో నన్ను తిడుతున్నది. నువ్వు పరుగెత్తుకొని రావద్దు, పెద్దదేమీ కాదట.

నేను మంచం మీద ఉన్నన్నాళ్లు పని ఆగకూడదని మహిపాల్ సంగతి తేల్చేశాను. నియమం తప్పలేదు సుమా. శేఖర్ పోయిన వారమే జమానత్ రాశాడు, నువ్వూ చూసే ఉంటావు. నిన్న తేజస్వి కూడా రాసింది. ఇక మనం కాదనడానికి ఏముంది?

మహిపాల్ ముఖం చూపించడం లేదని నీ అనుమానం. శేఖర్ చూపించాడా? తేజస్వి చూపించిందా? నమ్మలేదా వాళ్లను? అయినా నేనేం కళ్లు మూసుకొని దూకలేదు. నన్ను కలవడానికి వస్తావా అని మహిపాల్‌ను అడిగాను. "మీ దాకా రాలేకపోయాను గానీ శేఖర్‌ను కలిశానండీ. హనుమకొండ చౌరస్తాలో ఇద్దరం చాయ్ తాగాం, రెండు గంటలు తొవ్వ గురించే మాట్లాడుకున్నాం, చాలా మంచి మనిషి" అని రాశాడు. నా మనసు కుదుటపడింది. మన శేఖర్ ఎదురుగా కూర్చొని మాట్లాడిన మనిషిని ఇంక నేను పరీక్షించేది ఏముంది?

ఎల్లుండి పొద్దున కీ పంపి, దవాఖానలో చేరతాను. నువ్వు కూడా నాలుగు రోజులు రెస్ట్ తీసుకో.

నీ
ఓం అన్న


మట్టెవాడ,
జూన్ 10

అన్నా,

ఇవాళ్టిదాకా నీ ఉత్తరం తెరవలేదు, ఆఫీసులో నా పేరు లిస్టులో ఉందని ఆ గొడవలో ఉన్నాను. ఇప్పుడే చదివాను.

నీ కాళ్లు పట్టుకుంటా, మహిపాల్‌కు కీ ఇవ్వకు. ఎందుకని అడగకు, చెప్పే ధైర్యం కూడగట్టుకొని చెప్తాను. ఫోన్ కొట్టీ కొట్టీ చేతులు నొప్పిపెడుతున్నాయి, నువ్వు ఎత్తడం లేదు. వదిన కూడా ఎత్తడం లేదు. ఇది చూడగానే ఒక్క ముక్క రాయి.

ఆసిమా


డోర్నకల్,
జూన్ 10

ప్రియమైన చెల్లెకు,

ఆటో బయట నిలబడి ఉంది, హారన్ కొడుతున్నాడు. నీ మెయిల్ ఇప్పుడే చూశాను. పొద్దున్నే పంపేశాను కదా కీ. వెంటనే "కృతజ్ఞుణ్ణి, మీరు నిశ్చింతగా కోలుకోండి" అని జవాబు కూడా వచ్చింది.

ఏమయింది నీకు? వాడి మీద నీకు ముందు నుంచీ గుర్రే. ఇద్దరు జమానత్ ఇచ్చారు, ఒకరు ఎదురుగా చూశారు. ఇంకేం కావాలి? ఏదన్నా ఉంటే తేజస్వికి చెప్పు, చూసుకుంటుంది.

శోభారాణి ఫోన్ గుంజుకుంటున్నది. "ఆపరేషన్ అయ్యి ఇంటికచ్చెదాక ఇది నా కొంగుకే ఉంటది, గా కంప్యూటర్ ముచ్చట దవాఖానల నడువది" అంటున్నది. ఉంటాను.

నీ అన్న


మట్టెవాడ,
జూన్ 14

ప్రియమైన ఓం అన్నకు,

నీకు ఆపరేషన్ బాగా అయిందని వదిన చెప్పింది, అల్లా దయ. నీకు ఫోన్ ఇవ్వమంటే ఇవ్వలేదు. "డాక్టర్ వద్దన్నడు" అని నా మీద కూడా కోప్పడింది. ఖమ్మం బయల్దేరుదామంటే మా అత్తకు బీపీ పెరిగి మంచాన పడింది. అందుకే రాస్తున్నాను. ఎప్పుడు చూస్తావో.

శేఖర్ లేడు అన్నా.

శేఖర్ అంటే నేను. నువ్వు మూసేద్దామని రాసిన ఉత్తరం చదివాక నాకు భయం వేసింది. మా అత్త చుట్టాలను కూర్చోబెట్టినట్టు నేను కూడా ఒక కుర్చీలో ఒక పేరును కూర్చోబెట్టాను. నీకు తోడు ఉందనిపించాలని, అంతే. ఆఫీసు అయ్యాక శేఖర్ పేరుతో పనిచేశాను. నువ్వు వాడిని మెచ్చుకుంటుంటే నాకు సంతోషం వేసేది, కొంచెం కుళ్లు కూడా వేసేది. నిజం మనుషులు వచ్చి నిలబడ్డాక వాడిని మెల్లగా మాయం చేద్దామనుకున్నాను.

ఇప్పుడు నువ్వే చెప్పు, లేని మనిషితో మహిపాల్ హనుమకొండ చౌరస్తాలో చాయ్ ఎట్లా తాగాడు? నీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. వాడు నా ముందు కూర్చొని నన్నే చూసి నవ్వినట్టు అనిపించింది.

మరి శేఖర్ పేరుతో జమానత్ ఎందుకు రాశావని అడుగుతావు. తప్పే. మహిపాల్ శేఖర్‌కు విడిగా రాశాడు, "తేజస్వి నా కాలేజీ క్లాస్‌మేటండీ, నన్ను బాగా ఎరుగును" అని. తేజస్వికి తెలిసిన మనిషి అయితే భయం లేదనుకున్నాను. పైగా నా ఒక్క జమానత్‌తో కీ రాదు, రెండోది ఆ పిల్ల ఇవ్వాలి. ఆ పిల్ల బుద్ధిమంతురాలు, అనుమానం ఉంటే ఆపుతుంది అనుకున్నాను. భారమంతా తేజస్వి మీద వేసి నేను చేతులు దులుపుకున్నాను.

ఇప్పుడు ఆ పిల్ల కూడా పలకడం లేదు. కీ వెళ్లిన రోజు నుంచి ఒక్క మాట లేదు. "మహిపాల్ నీకు నిజంగా తెలుసా, నువ్వు బాగున్నావా?" అని రోజూ రాస్తున్నాను. ఇంతకుముందు గంటలో జవాబు ఇచ్చేది. ఆ పిల్లకు వాడేమన్నా చేశాడేమో అన్నా. నాకు ఆమె ఊరు తెలియదు, ఇంటిపేరు తెలియదు, ఎక్కడికని పోయి వెతకను? నీకేమన్నా తెలిస్తే చెప్పు. పోలీసు స్టేషన్‌కు పోయినా, ఎవరు తప్పిపోయారంటే ఏం చెప్పాలి?

పన్నెండో తారీఖున మహిపాల్ సంతకంతో ఒక అప్‌డేట్ వెళ్లిపోయింది. నేను చూస్తూ ఉండగానే అన్ని మిషన్లూ తీసుకున్నాయి. అందులో ఏముందో తవ్వుతున్నాను, పైకి అంతా శుభ్రంగా ఉంది. నాకు చాలా భయంగా ఉంది.

నన్ను క్షమించకపోయినా సరే, జవాబు ఇవ్వు.

ఆసిమా


డోర్నకల్,
జూన్ 17

నా ప్రియమైన చెల్లె,

ఇంటికొచ్చాను. ఫోన్ చేతికి రాగానే మొదట చదివింది నీ ఉత్తరం. శోభారాణి నా ముఖం చూసి మళ్లీ డాక్టర్‌ను పిలుస్తానంది.

తేజస్వి కోసం వెతకకు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. కుట్లతో ఈ మంచం మీద పడుకొని నీకు ఉత్తరం రాస్తున్నది.

అవును. మీ అత్త హోటల్ ముచ్చట నువ్వు నాకే కదా చెప్పింది. నువ్వు ఎక్కడ అలసిపోయి వెళ్లిపోతావోనని నాకు భయం వేసింది. ఆడపిల్ల తోడుంటే ఉంటావని తేజస్విని నేనే పుట్టించాను. నువ్వు ఆ పిల్లకు నీ ఉద్యోగం భయం రాసుకున్న రోజు నేను చదవకుండా ఉండాల్సింది. చదివాను. జవాబు రాయకపోతే బాధపడతావని రాశాను. మతీన్‌కు కూడా చెప్పని మాట నేను దొంగతనంగా విన్నాను, దానికి నన్ను ఎన్ని తిట్టినా తక్కువే.

ఇక జమానత్. "శేఖర్‌తో చాయ్ తాగాను" అని వాడు నాతో అన్నాడు. శేఖర్ నిజం మనిషి, ఎదురుగా చూశాడు, కాబట్టి తేజస్వి మాట ఉత్త లాంఛనమే అనుకొని రాసేశాను. నువ్వు నా తేజస్విని నమ్మావు, నేను నీ శేఖర్‌ను నమ్మాను. మన చుట్టాలకు ఇచ్చుకుంటామేమోనని అంత కట్టుదిట్టంగా నియమం రాసుకున్నాం. చివరికి ఇద్దరు లేని మనుషుల పూచీ మీద ఇల్లు అప్పగించాం. ఈ ఆరు నెలల్లో తొవ్వలోకి నిజంగా బయట నుంచి నడిచొచ్చిన మనిషి ఒక్కడే. వాడు మహిపాల్.

వాడు గుడ్డిగా బాణం వేశాడని అనుకోకు. తేజస్వి మెయిల్ తెరిచి చూశాను. నీ ఉత్తరాల మధ్యలో, నేను దవాఖానలో ఉన్నప్పుడు మహిపాల్ దగ్గర నుంచి వచ్చింది ఒకటి ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నా: "తేజస్వి గారూ, ఆపరేషన్ బాగా జరిగిందనుకుంటున్నాను. నొప్పి ఎక్కువగా ఉందా? తొందరేమీ లేదు, నెమ్మదిగా కోలుకోండి." అంతే ఉంది. అది చదివినప్పటి నుంచి కిటికీ రెక్క వేసుకొని కూర్చున్నాను, ఎందుకో నాకే తెలియదు.

అప్‌డేట్‌ను నేనూ విప్పి చూశాను. అందులో దొరికింది రెండే. ఒకటి, కొన్నాళ్లకు మిషన్‌ను మొరాయించేలా చేసే ముక్క. అది అన్ని మిషన్ల మీదా కాదు, ట్రస్టు దవాఖానల మిషన్ల మీదే పనిచేస్తుంది. రెండు, స్క్రీన్ కింద ఒక మూలన ఒక ఫోన్ నెంబరు, 'సహాయం కోసం' అని. సమాచారం బయటికి పంపేది ఏమీ లేదు. ఇంత నాటకమాడి కీ సంపాదించినవాడు ఫోన్ నెంబరు పెట్టుకోవడమేమిటో నాకు అంతు చిక్కడం లేదు. ఆ నెంబరుకు శోభారాణితో చేయించాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు.

నువ్వు రేపే సమ్మమ్మ దగ్గరకు పో. మిషన్‌కు కరెంటు తీసెయ్యి. మిగిలిన దవాఖానలకు నేను ఇక్కడి నుంచి చెప్పిస్తాను. నా పేరుతో అందరికీ ప్రకటన రాస్తున్నా, తేజస్వి లేదు, శేఖర్ లేడు, తొవ్వను నమ్మకండి అని. దాంతో మన ప్రాజెక్టు పోతుంది. పోనీ.

నీ
ఓంప్రకాశ్


మట్టెవాడ,
జూన్ 18

ప్రియమైన అన్నా,

పోయి వచ్చాను. మతీన్ హోటల్ మూసేసి బండి మీద తీసుకెళ్లాడు. తేజస్వికి చెప్పుకున్నది తనకు ఎందుకు చెప్పలేదన్నదే ఆయన బాధ. నీ మీద నాకూ చాలా కోపం ఉంది. కానీ ఇప్పుడు దానికి టైం లేదు.

సమ్మమ్మ నన్ను చూడగానే నవ్వింది. "రా బిడ్డా, ఇన్నాళ్లకు తొవ్వ దొరికిందా?" అని కుర్చీ వేసింది. మిషన్ చక్కగా నడుస్తున్నది. నేను వైరు పీకబోతే చెయ్యి పట్టుకుంది. "అగో, ఏం జేస్తానవ్? మొన్ననే బాగైంది గద!" అంది.

మూడు రోజుల కింద మిషన్ మొరాయించిందట. లైన్లో గర్భిణులు కూర్చొని ఉన్నారు, ఏం తెరిచినా తెరుచుకోలేదట. నాకు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదట. ఆ గంటలో నేను తేజస్వికి ఉత్తరం రాస్తూ కూర్చున్నాను అన్నా. అప్పుడు స్క్రీన్ మూలన నెంబరు కనిపించి దానికి చేసిందట.

"చేసిన గంటకే వచ్చిండమ్మా. మంచి పిలగాడు, గింత గర్వం లేదు. చెప్పులు బయట ఇడిచి వచ్చిండు. కూసోవెట్టి చాయ్ పోసిన. మీ లెక్క కాదు, నేను జెప్పింది మొత్తం ఇన్నడు. పాత రిజిస్టర్లు పాడైతయట, కాపీ తీస్త, నాకొక్కదానికే ఎరుకైన పాస్‌వర్డ్ కొట్టమన్నడు, కొట్టిన. మిషన్‌కు చిన్న డబ్బీ తగిలిచ్చి, దాంట్లకు ఎక్కిచ్చుకొని జేబుల వెట్టుకున్నడు. మీరందరు ఫోన్లనే జెప్తరు, ఆయనొక్కడే మనిషి వచ్చిండు."

పేరు అడిగాను.

"శేఖర్ గదా! మీ హనుమకొండ శేఖర్. ఎరుకలేనట్టు అడుగుతానవేంది?"

ఆమెకు చెప్పాను అన్నా. శేఖర్ లేడని, నేనే శేఖర్‌నని, తేజస్వి నువ్వని, ఆ వచ్చినవాడు ఎవరో మాకు తెలియదని అన్నీ చెప్పాను. ఇట్లాంటి వివరాలను కొనుక్కొని ఆడవాళ్లను బెదిరించేవాళ్లు ఉంటారని కూడా చెప్పాను. సమ్మమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ మిషన్ వైరు తనే పీకేసి, "నా బీరువ తాళం పాడుగాను, అదే మంచిగుండె" అంది. నేను ఆ ఆడవాళ్ల ఇళ్లకు పోయి చెప్తానంటే వద్దంది. "వాళ్లు నమ్మింది నిన్ను కాదు. నేనే చెప్త. నువ్వు ఈ ఊళ్ల కనవడకు." అప్పటికే బయట బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు చీటీలు పట్టుకొని కూర్చొని ఉన్నారు. వాళ్ల ముఖాలు చూడలేక తల దించుకొని బయటికొచ్చాను.

నీ ప్రకటన ఆలస్యం చేయకు. నా పేరు కూడా వేయి, నీ పేరు కింద. మిగిలిన దవాఖానలకు ఫోన్లు చేయించావా? ఎవరైనా వస్తే ఏ పేరు చెప్పినా లోపలికి రానివ్వొద్దని చెప్పించు. సమ్మమ్మ నా వెనకే గుమ్మం దాకా వచ్చి, గుర్తొచ్చిన మాట ఇంకొకటి చెప్పింది. చాయ్ బాగుందని మెచ్చుకొని పోయాడట. ఆదివారం మళ్లీ వస్తాడట. ఈసారి తేజస్విని కూడా వెంట తీసుకొస్తానన్నాడట.

నీ చెల్లె
ఆసిమా